తరవాణి నీళ్లలో ఒక తేట వలయం

అగారు (బాక్టీరియాకు తిండి కలిపి గట్టిపరిచిన జెల్లీ) పోసిన ప్లేటు నిండా ఒక బాక్టీరియాను పలుచని మబ్బులా పెంచి, ఆ అగారులో ఆరు మిల్లీమీటర్ల గుంట తీసి, ఇంకొక బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడకట్టి ఆ గుంటలో పోసి రాత్రంతా ఇంక్యుబేటరులో ఉంచితే, తెల్లవారేసరికి గుంట చుట్టూ ఏమీ పెరగని తేట వలయం ఒకటి కొన్నిసార్లు కనిపిస్తుంది. గుంటలో పోసిన ద్రవంలో ఉన్నదేదో చుట్టూ వ్యాపించి, అక్కడ పెరగవలసిన బాక్టీరియాను పెరగనివ్వలేదని దాని అర్థం. ఆ ‘ఏదో’ ఒక ప్రోటీను అని అనడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో నాకు ఈ పని చేతికి తీసుకొన్న తరువాతే తెలిసింది. పులియబెట్టిన ఆహారంలోని మేలు చేసే బాక్టీరియా గురించి మన వార్తాపత్రికల్లో తరచుగా చదువుతుంటాం కానీ, ఆ మేలు ఏ అణువు వల్ల జరుగుతున్నదో తేల్చే పని ఎలా సాగుతుందో తెలుగులో చదివిన గుర్తు నాకు లేదు. అందుకే నా బల్ల మీద జరిగినది జరిగినట్టుగా రాస్తున్నాను.

ఈ బాక్టీరియా కోనసీమలోని మా అమ్మమ్మ ఇంటి తరవాణి కుండలోనిది. తరవాణి ఎరుగని వారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. అన్నం వార్చిన గంజినీ, బియ్యం కడిగిన నీళ్లనూ మట్టికుండలో పోసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పులుస్తాయి; ఆ పుల్లని నీళ్లే తరవాణి. రాత్రి మిగిలిన అన్నాన్ని అందులో వేసి ఉంచి, పొద్దున్నే ఉప్పు కలుపుకొని, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో నంజుకొని తినేవారు. ఇప్పుడు ఆ కుండ ఉన్న ఇళ్లు తక్కువ. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో కుండ కడగడానికి నేను ముందుకు వస్తే, “అడుగున నాలుగు గరిటెలు ఉంచవే, లేకపోతే రేపటికి పులవదు” అని అమ్మమ్మ ఆపేది. పాలలో తోడు వేయడం ఎలాంటిదో కుండ అడుగున పాత నీళ్లు మిగల్చడం అలాంటిదే. ఆ మాటకు నేను అనుకొన్నదానికన్నా లోతైన అర్థం ఉండవచ్చునని నాకు చాలా ఏళ్ల తరువాత, ఒక ప్రయోగం చెడిపోయినప్పుడు తోచింది. ఆ సంగతి తరువాత వస్తుంది.

కుండ నుంచి తెచ్చిన నీళ్లను పలుచన చేసి ఎమ్మారెస్ అగారు మీద పూసి పెంచాను. 1960లో డి మాన్, రోగోసా, షార్ప్ అనే ముగ్గురు రూపొందించిన ఈ మాధ్యమం లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేసే బాక్టీరియాను పెంచేవారందరికీ నేటికీ ఆధారం. పెరిగిన కాలనీల్లో, అంటే చుక్కల్లా కనిపించే బాక్టీరియా గుంపుల్లో, ఒకదాని నుంచి వచ్చిన ద్రవం మాత్రమే ప్లేటు మీద తేట వలయాన్ని ఇచ్చింది. బాక్టీరియా జాతిని గుర్తించడానికి వాడే 16ఎస్ అనే దాని జన్యువును చదివిస్తే లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అని వచ్చింది. పాత పుస్తకాల్లో దీని పేరు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్. 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ప్రజాతులుగా విడదీసినప్పుడు పేరు మారింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్లాంటారమ్‌కూ దాని దగ్గరి బంధువు పెంటోసస్‌కూ 16ఎస్ జన్యువు దాదాపు ఒకటే కాబట్టి, ఆ ఒక్క జన్యువును నమ్మి పేరు పెట్టకూడదు. రెక్‌ఏ అనే ఇంకొక జన్యువును కూడా చూసిన తరువాతే ప్లాంటారమ్ అని రాసుకొన్నాను.

ముందుకు వెళ్లేలోపు ప్రోటీను అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి మాంసకృత్తు అని పేరు. కండను నిర్మించేది అన్న అర్థంలో పప్పులో, గుడ్డులో ఉన్న ప్రోటీనుకు ఆ పేరు చక్కగా అతుకుతుంది. బాక్టీరియా తయారు చేసే ప్రోటీన్లకు మాత్రం అది అతకదు, ఎందుకంటే ఇక్కడ ప్రోటీను పనిముట్టు, ఆయుధం, సందేశం కూడా. ఒక ప్లాంటారమ్ కణంలో సుమారు మూడు వేల ప్రోటీన్లకు జన్యువులు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం కణం లోపలే తమ పని తాము చేసుకొంటాయి. ఆహారం విషయంలోనూ మన పేగుల విషయంలోనూ ముఖ్యమైనవి కణం గోడ మీద నిలిచేవి, కణం దాటి బయటికి వచ్చేవి. పెరుగులోని బల్గారికస్ బాక్టీరియా తన గోడ మీద ఒక ప్రోటీనేజును నిలుపుకొంటుంది. ఆ ప్రోటీనేజు పాలలోని ముఖ్య ప్రోటీను అయిన కేసీన్‌ను పెప్టైడ్లుగా, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులుగా కోస్తుంది, ఆ ముక్కలను బల్గారికస్ కూడా తింటుంది, దాని సహచరి స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ కూడా తింటుంది. బదులుగా థర్మోఫిలస్ దానికి ఫార్మిక్ ఆమ్లమూ బొగ్గుపులుసు వాయువూ సమకూరుస్తుంది. గట్టిగా తోడుకొన్న పెరుగు వెనుక ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. నేను వెతుకుతున్నవి ఇంకొక రకం: ఒక బాక్టీరియా తనకు పోటీ వచ్చే బాక్టీరియాను చంపడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లు. వీటిని బాక్టీరియోసిన్లు అంటారు.

బాక్టీరియోసిన్ల కథలో నైసిన్‌ది పెద్ద పీట. 1928లో అమెరికాలో రోజర్స్, విట్టియర్ అనే ఇద్దరు పాలలోని కొన్ని స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా బల్గారికస్ పెరుగుదలను అడ్డుకోవడం గమనించారు. 1933లో న్యూజీలాండ్‌లో వైట్‌హెడ్ అదే విషయాన్ని ఇంకొక దారిలో ఎదుర్కొన్నాడు. చీజ్ తయారీకి పాలలో వేసిన తోడు సరిగా పనిచేయకపోవడానికి కారణం వెతుకుతూ పోతే, ఆ పాలలోనే ఉన్న కొన్ని బాక్టీరియా విడుదల చేస్తున్న ప్రోటీను వంటి పదార్థం కనిపించింది. అంటే మొదట్లో ఇది పాడి పరిశ్రమకు తలనొప్పి. 1947లో ఇంగ్లండ్‌లో మాటిక్, హిర్ష్ దానికి నైసిన్ అని పేరు పెట్టారు. ‘ఎన్ వర్గపు స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా చేసే నిరోధక పదార్థం’ అన్న మాటల నుంచి ఆ పేరు వచ్చింది. ఆ బాక్టీరియాను ఇప్పుడు లాక్టోకాకస్ లాక్టిస్ అంటున్నాం. 1969లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం నైసిన్‌ను ఆహారంలో వాడటానికి అంగీకరించింది, 1988లో అమెరికా కూడా ఒప్పుకొంది. ప్రాసెస్డ్ చీజ్ పెట్టె మీద 234 అనే సంఖ్య కనిపిస్తే అందులో నైసిన్ ఉన్నదని అర్థం.

నైసిన్‌లో ఉన్నవి 34 అమైనో ఆమ్లాలే. కానీ జన్యువు చెప్పినట్టు ఆ 34 ఊరికే వరుసగా కూర్చొని ఉండవు. మొదట కణం దీనిని 57 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారు చేస్తుంది. ముందున్న 23 అమైనో ఆమ్లాల భాగం ఒక తోకచీటీ వంటిది. అది అతుక్కొని ఉన్నంతకాలం నైసిన్‌కు చంపే శక్తి ఉండదు. ఒక ఎంజైము కొన్ని అమైనో ఆమ్లాల నుంచి నీటిని తీసివేస్తుంది, ఇంకొక ఎంజైము వాటిని గంధకం వారధిగా మడిచి ఐదు వలయాలుగా ముడివేస్తుంది, మూడోది దానిని కణం బయటికి పంపుతుంది, నాలుగోది బయట కాచుకొని ఉండి ఆ తోకచీటీని కత్తిరిస్తుంది. ఆయుధానికి పదును వచ్చేది గడప దాటిన తరువాతే. తన ఆయుధం తనకే తగలకుండా కణం ఒక రక్షక ప్రోటీనును కూడా తయారు చేసుకొని పొర మీద ఉంచుకొంటుంది. శత్రుకణం మీద నైసిన్ పనిచేసే తీరు కూడా తెలిసింది: కణం గోడ కట్టడానికి కావలసిన లిపిడ్-2 అనే ఇటుకను పట్టుకొని గోడ పనిని ఆపుతుంది, ఆ పట్టుతోనే పొరలో రంధ్రాలు చేస్తుంది. ఒక చిన్న గొలుసు ఒకే పట్టుతో రెండు దెబ్బలు కొట్టడం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను ఈ రంగంలోకి రావడానికి కారణం అదే.

ఇక నా తేట వలయం దగ్గరకు వస్తాను. మొదటిసారి అది కనిపించినప్పుడు బాక్టీరియోసిన్ దొరికిందని నా పుస్తకంలో రాసేసుకొన్నాను. అది తప్పు. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పెరిగిన ద్రవం పీహెచ్ నాలుగు దగ్గరకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. ఆ పులుపు ఒక్కటే చాలు, చుట్టూ ఉన్న బాక్టీరియాను పెరగనివ్వకపోవడానికి. కాబట్టి సోడియం హైడ్రాక్సైడు చుక్కచుక్కగా వేసి పీహెచ్‌ను 6.5కు తెచ్చి మళ్లీ పోశాను. వలయం చిన్నదయింది, కానీ మిగిలింది. తరువాతి అనుమానం హైడ్రోజన్ పెరాక్సైడు. కొన్ని లాక్టిక్ బాక్టీరియా దానినీ విడుదల చేస్తాయి. దానిని విరగ్గొట్టే కెటలేజ్ ఎంజైమును కలిపి చూస్తే వలయం మారలేదు. మూడోది బాక్టీరియాను తినే వైరస్, అంటే ఫేజ్. ద్రవాన్ని రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ పోతే, బాక్టీరియోసిన్ అయితే వలయం మెల్లగా తగ్గి మాయమవుతుంది, ఫేజ్ అయితే విడివిడి తేట చుక్కలుగా విడిపోతుంది. నాకు చుక్కలు రాలేదు. చివరికి ప్రోటీనేజ్ కె, ట్రిప్సిన్, పెప్సిన్ అనే మూడు ఎంజైములతో వేరువేరుగా చూశాను. అవి ప్రోటీన్లను మాత్రమే కోస్తాయి. మూడింటితోనూ వలయం పూర్తిగా పోయింది. ఆ పోవడమే నాకు కావలసిన సాక్ష్యం. అదే ద్రవాన్ని నీళ్లు మరిగే వేడి మీద అరగంట ఉంచితే వలయం చెక్కుచెదరలేదు; పెద్ద ప్రోటీన్లు ఆ వేడికి గుడ్డు తెల్లసొనలా గట్టిపడిపోతాయి, చిన్న పెప్టైడ్లు తట్టుకొంటాయి. ఇన్ని మెట్లు దాటిన తరువాత మాత్రమే పాత వాక్యాన్ని కొట్టివేయకుండా దాని పక్కన కొత్త తేదీ వేసుకొన్నాను.

ప్లేటు మీద పలుచని మబ్బుగా పెంచిన బాక్టీరియా ఏది అన్నది కూడా ముఖ్యం. చాలామంది ఇక్కడ రోగకారక బాక్టీరియా పేరు వినాలని అనుకొంటారు. నా వలయం చక్కగా కనిపించినది ఇంకొక లాక్టోబాసిల్లస్ మీద. బాక్టీరియోసిన్లలో చాలావాటి గురి దూరపు శత్రువు మీద కాక దాయాదుల మీద ఉంటుంది. ఒకే గంజిని, ఒకే చక్కెరను పంచుకోవలసిన వాటి మధ్యనే పోటీ తీవ్రంగా ఉంటుంది కాబట్టి ఇది సహజమే. ఈ-కోలై వంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు బయట ఇంకొక పొర ఉండటం వల్ల ఇలాంటి బాక్టీరియోసిన్లు చాలావరకు లోపలి పొర దాకా చేరలేవు. ఒక బాక్టీరియా ‘క్రిములను చంపుతుంది’ అని ఎవరైనా రాస్తే ఏ క్రిములను అని అడగవలసి ఉంటుంది.

ఆ తరువాతి నెలలో వలయం మాయమైంది. స్వచ్ఛంగా ఉండాలని ఒకే ఒక కాలనీ తీసుకొని, కొత్త మాధ్యమంలో చాలా పలుచగా వేసి పెంచాను. బాక్టీరియా బాగా పెరిగింది, ద్రవం బాగా పులిసింది, వలయం మాత్రం రాలేదు. వేరే బాక్టీరియా కలిసిందేమోనని జన్యువును మళ్లీ చదివించాను, అదే ప్లాంటారమ్. దీనికి సమాధానం నార్వేలో 1990లలో జరిగిన పనిలో దొరికింది. ప్లాంటారమ్ సీ11 అనే స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ఒక వంశం) తన బాక్టీరియోసిన్లను అన్ని వేళలా తయారు చేయదు. అది ప్లాంటారిసిన్ ఏ అనే చిన్న పెప్టైడును కొద్దికొద్దిగా బయటికి వదులుతూ ఉంటుంది. కణాలు గుంపుగా ఉన్నప్పుడు ఆ పెప్టైడు చుట్టూ పేరుకొంటుంది, కణం పొర మీద ఉన్న ఒక గ్రాహక ప్రోటీను దానిని గుర్తించి లోపలికి కబురు పంపుతుంది, అప్పుడు బాక్టీరియోసిన్ జన్యువులు మేల్కొంటాయి. మరీ పలుచగా వేసి పెంచితే ఆ కబురు తెగిపోతుంది. అలా మొదలైన కల్చర్ ఎంత చిక్కబడినా బాక్టీరియోసిన్ తయారు కాకపోవచ్చు. బాక్టీరియాను తీసివేసి వడకట్టిన పాత ద్రవాన్ని కొంచెం కలిపితే మళ్లీ మొదలవుతుంది.

ఫ్రిజ్‌లో దాచిన పాత వడపోత ద్రవాన్ని వందకు ఒక పాలు చొప్పున కలిపి పెంచాను. మర్నాడు పొద్దున వలయం తిరిగి వచ్చింది. అడుగున నాలుగు గరిటెలు ఉంచమన్న అమ్మమ్మ మాట ఆ ప్లేటు చేతిలో పట్టుకొని ఉండగా గుర్తుకు వచ్చింది. ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదని నాకు తెలుసు: కుండ అడుగున మిగిలే నీళ్లలో ప్రధానంగా ఉండేవి బతికి ఉన్న బాక్టీరియా, అవే మర్నాటి పులుపుకు కారణం. అయినా ఆ నాలుగు గరిటెల్లో బాక్టీరియాతో పాటు అవి ఒకదానికొకటి చెప్పుకొన్న కబురు కూడా ఉండి ఉండవచ్చు. దానిని పరీక్షించవచ్చు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

తరువాతి పని ఆ ప్రోటీనును మిగతా వాటి నుంచి వేరు చేయడం. ఇది బయటివారు ఊహించేదానికన్నా కష్టం. కారణం బాక్టీరియా కాదు, మనం దానికి పెట్టిన తిండి. ఎమ్మారెస్ మాధ్యమంలో లీటరుకు 10 గ్రాముల పెప్టోన్ ఉంటుంది, దాని మీద మాంసపు సారమూ ఈస్టు సారమూ ఉంటాయి. ఇవన్నీ పెప్టైడ్ల గుట్టలే. అంత గుట్టలో నా బాక్టీరియా తయారు చేసినది చిటికెడు కూడా కాదు. ముందుగా అమ్మోనియం సల్ఫేటు కలిపి, నీటిలో కరిగి ఉన్న ప్రోటీన్లను ముద్దగా కిందికి దింపాను. ఇలాంటి బాక్టీరియోసిన్లకు ధనావేశం ఎక్కువ కాబట్టి, రుణావేశం ఉన్న రెసిన్ గొట్టం గుండా పంపితే అవి రెసిన్‌కు అంటుకొంటాయి, మిగిలినదంతా చాలావరకు కిందికి పోతుంది. ఉప్పు గాఢతను పెంచుతూ వాటిని విడిపించాను. ఇక్కడివరకు ప్రతి మెట్టులోనూ వలయం ఉంది. చివరి మెట్టుగా, నీటిని ఇష్టపడని గుణాన్ని బట్టి పెప్టైడ్లను విడదీసే క్రోమటోగ్రఫీ యంత్రంలోకి పంపి, నిమిషానికి ఒక గొట్టం చొప్పున పట్టాను. ఏ గొట్టంలోనూ వలయం రాలేదు. ఆరు వారాల పని ఆ ఒక్క మధ్యాహ్నంలో కరిగిపోయినట్టనిపించింది.

ఈ మలుపు గురించి నాకు ముందే తెలిసి ఉండవలసింది. 1992లో నార్వేలో నిస్సెన్-మేయర్, ఆయన సహచరులు లాక్టోకాక్సిన్ జీ అనే బాక్టీరియోసిన్‌ను వేరు చేస్తున్నప్పుడు, అది ఒక పెప్టైడు కాదనీ, రెండు వేరువేరు పెప్టైడ్లు కలిసి చేసే పని అనీ చూపారు. ఏ ఒక్కటీ విడిగా పెద్దగా పనిచేయదు. రెండూ కలిస్తే అతి స్వల్ప మోతాదులోనే చంపుతాయి. ప్లాంటారమ్‌లో కనిపించే ప్లాంటారిసిన్ ఈ, ఎఫ్ అనేవి అలాంటి జంటే. ఎంత బాగా శుద్ధి చేస్తే అంత దూరంగా ఆ రెండూ విడిపోతాయి, అంత పూర్తిగా శక్తి పోయినట్టు కనిపిస్తుంది. రెండో రోజు పొద్దున గొట్టాలను రెండేసి చొప్పున కలిపి, ఒక పెద్ద గళ్ల పట్టిక వేసుకొని, ప్రతి జంటనూ పరీక్షించాను. ఒక్క జంట దగ్గర వలయం వచ్చింది. విడివిడిగా చూస్తే ఆ రెండు గొట్టాలూ దాదాపు నిర్జీవమే. నా పనిలో నాకు అత్యంత సంతోషం కలిగించిన రోజు అదే.

ఆ రెండింటి పరిమాణాన్నీ కొలవడానికి జెల్ నడిపాను, అంటే విద్యుత్తుతో ప్రోటీన్లను జెల్లీ గుండా పరుగెత్తించి పరిమాణాన్ని బట్టి విడదీశాను. మామూలుగా అందరూ వాడే, 1970లో లెమ్లీ ప్రచురించిన పద్ధతిలో ఇంత చిన్న పెప్టైడ్లు రంగు ముందంచుతో పాటే పరుగెత్తి మసకబారిపోతాయి. అందుకే గ్లైసిన్‌కు బదులు ట్రైసిన్ వాడే జెల్ కావాలి. జెల్‌ను రెండు సగాలుగా కోసి, ఒక సగానికి కూమాసీ నీలి రంగు వేయాలి, రెండో సగాన్ని బాగా కడిగి, దాని మీద బాక్టీరియా కలిపిన మెత్తని అగారు పోసి పెంచాలి. నీలి గీత ఉన్నచోటే రెండో సగంలో తేట మచ్చ వస్తే, ఆ గీతే మనం వెతుకుతున్న ప్రోటీను. మొదటిసారి శుద్ధి చేయని ద్రవంతో నడిపినప్పుడు నాకు మచ్చ వచ్చింది. రెండు పెప్టైడ్ల పరిమాణమూ దగ్గరదగ్గరగా ఉండటం వల్ల జెల్‌లో అవి పక్కపక్కనే నిలిచాయి కాబట్టి అది సాధ్యమైంది. అణువులను తూచే మాస్ స్పెక్ట్రోమెట్రీలో రెండూ నాలుగు వేల డాల్టన్ల (అణువుల బరువుకు కొలమానం) లోపు బరువుతో తేలాయి. ఈ యంత్రానికి నమూనా ఇచ్చేవారికి ఒక్క మాట: ఎమ్మారెస్‌లోని ట్వీన్ 80 అనే సబ్బు వంటి పదార్థం మిగిలి ఉంటే అది పెప్టైడ్ల సంకేతాన్ని మింగేస్తుంది, చేతి తొడుగు లేకుండా గొట్టాన్ని తాకితే మన చర్మంలోని కెరాటిన్ అన్నిటికన్నా ముందు కనిపిస్తుంది. జన్యుక్రమంలో కూడా ప్లాంటారిసిన్ ఈ, ఎఫ్ జన్యువులు ఉన్నాయి. అంటే నేను కనుగొన్నది కొత్త ప్రోటీను కాదు. కొందరు మిత్రులు నిరాశపడ్డారు, నేను పడలేదు. తెలిసిన ప్రోటీను అయినందువల్లనే అది ఈ కుండలో ఏమి చేస్తున్నదో అడగగలుగుతాను.

పెరుగు మీద ఎందుకు చేయలేదని చాలామంది అడుగుతారు. లీటరు ఆవుపాలలో సుమారు 33 గ్రాముల ప్రోటీను ఉంటే అందులో ఐదింట నాలుగు వంతులు కేసీన్. ఆ సముద్రంలో బాక్టీరియా వదిలిన ప్రోటీనును పట్టుకోవడం ఎమ్మారెస్‌లో కన్నా కష్టం. ఇంకొక చిక్కు కూడా ఉంది. పెరుగులో, ఇతర పులిసిన పాలలో కనిపించే పెప్టైడ్లలో చాలావరకు బాక్టీరియా తయారు చేసినవి కావు, కేసీన్‌ను బాక్టీరియా కోసినప్పుడు రాలిన ముక్కలు. జపాన్‌లో హెల్వెటికస్ బాక్టీరియాతో పులియబెట్టిన పాలలో దొరికిన, రక్తపోటుతో సంబంధం ఉన్న ఎంజైమును అడ్డుకొనే మూడు అమైనో ఆమ్లాల పెప్టైడ్లు అలాంటివే. అవి విలువైనవి, కానీ వాటి జన్యువు బాక్టీరియాలో లేదు, ఆవులో ఉంది. ‘ప్రోబయోటిక్ ప్రోటీను’ అని ఒకే మాటతో ఈ రెండింటినీ కలిపి చెప్పడం వల్ల చాలా గందరగోళం పుడుతున్నది.

అయితే తరవాణి తాగినవారికి ఈ ప్లాంటారిసిన్ వల్ల మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నకు తొందరపడి అవునని చెప్పలేను. పెప్సిన్, ట్రిప్సిన్ నా వలయాన్ని చెరిపివేశాయని పైన రాశాను. ఆ రెండూ మన జీర్ణాశయంలోనూ చిన్నపేగులోనూ ఉన్నవే. నోటితో తీసుకొన్న బాక్టీరియోసిన్ అన్నం మెతుకులోని ప్రోటీనులాగే అరిగిపోతుంది, అది సురక్షితం అనడానికి కారణాల్లో ఇదీ ఒకటి. పేగులో పని జరగాలంటే బాక్టీరియా అక్కడిదాకా బతికి చేరి, అక్కడే ఆ ప్రోటీనును తయారు చేయాలి. అలా జరగగలదని చూపిన ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఐర్లండ్‌లోని కార్క్ విశ్వవిద్యాలయంలో జరిగి 2007లో వచ్చినది. సాలివారియస్ యూసీసీ118 అనే బాక్టీరియాను ఎలుకలకు ఇచ్చి, తరువాత లిస్టీరియా మోనోసైటోజీన్స్ అనే రోగకారక బాక్టీరియాను సోకించారు. సాలివారియస్ ఎలుకలను కాపాడింది. దాని బాక్టీరియోసిన్ జన్యువును చెరిపిన స్ట్రెయిన్‌ను ఇస్తే కాపాడలేదు. అక్కడితో ఆగకుండా, లిస్టీరియాకే ఆ బాక్టీరియోసిన్ నుంచి తప్పించుకొనే రక్షక ప్రోటీనును ఇచ్చి చూశారు. అప్పుడు కూడా కాపాడలేదు. తాళాన్నీ తాళంచెవినీ విడివిడిగా మార్చి చూసిన ఈ పద్ధతి వల్ల కారణం బాక్టీరియోసినే అని అనుమానం లేకుండా తేలింది. ఆ బాక్టీరియోసిన్ కూడా రెండు పెప్టైడ్ల జంటే కావడం నాకు మరీ దగ్గరగా అనిపించింది.

చంపే ప్రోటీన్లే కాదు, పేగు కణాలతో మాట్లాడే ప్రోటీన్లు కూడా ఉన్నాయి. 1980లలో గోర్బాక్, గోల్డిన్ వేరు చేసిన రామ్నోసస్ జీజీ అనే బాక్టీరియా విడుదల చేసే పీ40, పీ75 అనే రెండు ప్రోటీన్లు పేగు లోపలి పొర కణాలు చనిపోకుండా కాపాడుతాయని 2007లో చూపారు. ఇవి రెండూ నిజానికి బాక్టీరియా తన గోడను తాను సవరించుకోవడానికి వాడే ఎంజైములు. మన కణాలు వాటిని ఇంకొక విధంగా వింటున్నాయి. ఇలాంటి పని ఒక్కో స్ట్రెయిన్‌కు ఒక్కో విధంగా ఉంటుంది. ఒకే జాతిలోని పక్క స్ట్రెయిన్‌లో ఆ ప్రోటీను లేకపోవచ్చు, ఉన్నా తయారు కాకపోవచ్చు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ 2001లో ఇచ్చిన నిర్వచనాన్ని నేను గట్టిగా పట్టుకొంటాను: తగినంత మోతాదులో తీసుకొన్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే, బతికి ఉన్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు. పిండి పులవడానికి ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియా ఎంత శ్రమించినా, ఆవిరి మీద ఉడికిన ఇడ్లీలో అవి బతికి ఉండవు. ఇడ్లీ గొప్ప ఆహారం, కానీ ఆ నిర్వచనం ప్రకారం ప్రోబయోటిక్ కాదు. తరవాణిలో బాక్టీరియా బతికే ఉంటుంది. అయినా మేలు ఏమిటో, ఎంత మోతాదులోనో మనుషుల్లో చూపనంతవరకు మా కుండలోని ప్లాంటారమ్‌ను నేను ప్రోబయోటిక్ అని పిలవను. ఈ పట్టుదల మా అమ్మమ్మకు నచ్చలేదు. “ఇన్నేళ్లు తాగాం, చాలదా?” అని అడిగింది. ఆమె అనుభవాన్ని నేను కాదనడం లేదని, అందులో బాక్టీరియా వంతు ఎంతో, గంజి వంతు ఎంతో, నీటి వంతు ఎంతో వేరుచేసి చూడాలని మాత్రమే అనుకొంటున్నానని చెప్పాను.

ఇప్పుడు నా ముందున్న ప్రశ్న చిన్నది. ఇంతవరకు నేను చూసినదంతా ఎమ్మారెస్‌లో, ఒంటరిగా, 30 డిగ్రీల దగ్గర పెరిగిన బాక్టీరియా సంగతి. కుండలో దానికి లీటరుకు 20 గ్రాముల గ్లూకోజు దొరకదు, ఒంటరితనం అసలే ఉండదు. స్పెయిన్‌లోని సెవిల్‌లో ఎన్‌సీ8 అనే ప్లాంటారమ్ స్ట్రెయిన్ మీద పనిచేసినవారు, అది ఒంటరిగా ద్రవంలో పెరిగినప్పుడు బాక్టీరియోసిన్ తయారు చేయదనీ, కొన్ని నిర్దిష్టమైన ఇతర బాక్టీరియా పక్కన ఉంటేనే మొదలుపెడుతుందనీ చూపారు. మా కుండలో పక్కన ఎవరున్నారో, ఎప్పుడు వస్తారో చూడాలి. పోయిన వారం వడకట్టి శుద్ధి చేసిన గంజిలోనే దీనిని ఒంటరిగా పెంచాను: పులిసింది, వలయం రాలేదు. పాత వడపోత ద్రవాన్ని వందకు ఒక పాలు కలిపిన రెండో సీసాలో సన్నని వలయం వచ్చింది. అమ్మమ్మను ఈసారి మూడు సీసాలు నింపి పంపమని అడిగాను: కుండను పూర్తిగా తోమి కొత్త గంజి పోసిన మర్నాటిది ఒకటి, అడుగున నాలుగు గరిటెలు ఉంచి పోసిన మర్నాటిది ఒకటి, ఆ నాలుగు గరిటెలను మరగబెట్టి చల్లార్చి పోసిన మర్నాటిది ఒకటి. మూడోది ఎందుకని అడిగింది. బాక్టీరియాను చంపి కబురును మాత్రం ఉంచడానికని చెప్పాను. కబురు మోసే ఆ పెప్టైడు మరిగినా నిలుస్తుందో లేదో ముందు ఇక్కడ చూసుకోవాలి. ఆ ప్లేట్లు ఈ రాత్రి ఇంక్యుబేటరులో ఉన్నాయి.